ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు సైన్సు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదండీ. బెంగళూరులో మీ అపార్టుమెంటు క్లబ్‌హౌసులో శనివారం గంటసేపు ఒక గది దొరుకుతుంది. 6 నుంచి 8 ఏళ్ళ పిల్లలు ఎనిమిది మంది. అందరివీ తెలుగిళ్ళే, చదువులు ఇంగ్లీషు మీడియం. ఫిజిక్సు వైపు సైన్సు పరిచయం చెయ్యాలని ఉంది. ఏ పాఠంతో మొదలుపెట్టాలి, ఆన్‌లైన్లో 3,000 రూపాయలకు దొరికే కిట్టు కొనాలా, ఏ భాషలో చెప్పాలి?

నా జవాబు: మునగడం, తేలడంతో మొదలుపెట్టండి. మూడు శనివారాలు దాని మీదే ఉండండి. తర్వాత గాలి, ఆ తర్వాత సెల్లూ బల్బూ. కిట్టు కొనొద్దు. మాటంతా తెలుగులో సాగనివ్వండి, ఇంగ్లీషు పేరు పని పూర్తయ్యాక చివర్లో చెప్పండి.

వీటన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. వస్తువు నీళ్ళలో పడకముందే, వైరు తగలకముందే, ప్రతి ఒక్కరూ "ఏమవుతుందో" పైకి చెప్పాలి. ఎందుకలా అనుకుంటున్నారో కూడా ఒక ముక్క చెప్పాలి. ముందుగా ఏమీ అనుకోని పిల్లలకు ప్రయోగం గారడీలా ఉంటుంది, చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళిపోతారు. ముందే ఒక మాట అనేసిన పిల్లకి అది తన మాటకు పరీక్ష. తప్పయితే "అదేంటి?" అంటుంది. మనకు కావలసింది ఆ "అదేంటి".

నీళ్ళతోనే ఎందుకంటే, ఈ విషయంలో ప్రతి పిల్లకీ అప్పటికే ఒక గట్టి అభిప్రాయం ఉంటుంది. "బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలతాయి." ఎనిమిది మందిలో ఆరేడుగురు ఇదే అంటారు. విద్యుత్తు గురించో కాంతి గురించో అడిగితే బిక్కమొహం వేసే పిల్లలు కూడా నీళ్ళ దగ్గర ధైర్యంగా వాదిస్తారు.

మొదటి శనివారం

కావలసినవి: పిల్లల స్నానానికి వాడే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, అందులో కనీసం ఒక అడుగు లోతు నీళ్ళు. రెండు కిలోల చిన్న పుచ్చకాయ. చింతగింజలు, గాజు గోళీ, రూపాయి నాణెం, ఇనుప మేకు, కొవ్వొత్తి, నిమ్మకాయ, ఖాళీ స్టీలు గ్లాసు. ఎనిమిది రకాలు మించొద్దు, ఎక్కువైతే ఆట అయిపోతుంది. టమాటా పెట్టకండి. ఒకటి తేలుతుంది, ఇంకొకటి మునుగుతుంది, మొదటి రోజే గందరగోళం. టబ్బు కింద పాత దుప్పటి పరవండి, క్లబ్‌హౌసు టైల్స్ మీద నీళ్ళు పడితే జారతాయి.

నేలమీద సుద్దతో రెండు సున్నాలు గియ్యండి, ఒకటి "మునిగేవి", రెండోది "తేలేవి". పిల్లలు వస్తువుల్ని చేత్తో పట్టుకుని చూసి, వాదించుకుని, ఏదో ఒక సున్నాలో పెట్టాలి. పుచ్చకాయనీ చింతగింజనీ ఆఖరుకు ఉంచండి. ఒకే పిల్ల చేత రెండూ పట్టించండి. కాయని రెండు చేతులతో పొట్టకు ఆనించి ఎత్తుకుంటుంది, గింజ అరచేతిలో ఉన్నట్టే తెలియదు. "ఏది బరువు?" అంటే నవ్వుతుంది. పుచ్చకాయ మునిగే సున్నాలోకి, గింజ తేలే సున్నాలోకి వెళ్తాయి. ఇప్పుడు కాయని నీళ్ళలోకి మెల్లగా దింపించండి, పైనుంచి వదిలితే నీళ్ళు గోడదాకా చిందుతాయి. అది ఒకసారి కిందికి కుంగి, పైకి లేచి, పక్కకి దొర్లి ఆగుతుంది. వీపు కొంచెం నీళ్ళపైన కనిపిస్తుంది. తర్వాత గింజ. అది గునగునా అడుక్కి పోయి కూర్చుంటుంది.

ఇక్కడ మీరు నోరు విప్పకూడదు. చాలామంది పెద్దవాళ్ళు తప్పు చేసేది సరిగ్గా ఈ చోటే. "చూశారా, దీన్ని డెన్సిటీ అంటారు" అనేస్తారు. ఆ మాట వినగానే పిల్లల ఆలోచన ఆగిపోతుంది, దాన్ని బట్టీ పడతారు. అర నిమిషం ఆగండి. వాళ్ళే కొత్త కారణాలు చెబుతారు. ఇంచుమించు ఎప్పుడూ ఈ మూడే వస్తాయి: "గుండ్రంగా ఉంది కదా", "లోపల గాలి ఉంది", "పెద్దది కదా". ఒక్కోదానికీ ఒక వస్తువు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. గుండ్రం అన్నవాళ్ళకు గోళీ ఇవ్వండి, మునుగుతుంది. గాలి అన్నవాళ్ళకు కొవ్వొత్తి ఇవ్వండి. దాన్ని విరిచి లోపల ఖాళీ లేదని వాళ్ళే చూడాలి, అయినా తేలుతుంది. పెద్దది అన్నవాళ్ళకు ఆ కొవ్వొత్తి నుంచి గోరంత ముక్క గీకి ఇవ్వండి. అదీ తేలుతుంది. మైనం ఎంత చిన్నదైనా తేలుతుంది, ఇనుము ఎంత చిన్నదైనా మునుగుతుంది. సైజుని బట్టి కాదు, సరుకుని బట్టి అన్న సంగతి ఈ గీకిన ముక్కతోనే తడుతుంది. సన్నటి గుండుసూది మాత్రం వాడకండి. నెమ్మదిగా పడితే నీటి పైపొర మీద నిలబడిపోతుంది, అది వేరే పాఠం.

గంట అయిపోతుంది. జవాబు చెప్పకుండానే పంపించండి.

రెండో శనివారం: మునిగేదాన్ని తేల్చడం

నూనె కలిసిన మోడలింగ్ క్లే, తలా ఒక నిమ్మకాయంత. పిండితో చేసిన ఆటముద్ద వద్దు, నీళ్ళలో అయిదు నిమిషాల్లో మెత్తబడి చేతికి అంటుకుపోతుంది. ముందు ఉండ చేసి వేస్తారు, మునుగుతుంది. "దీన్నే తేల్చండి, ఒక్క ముక్క కూడా తియ్యకూడదు, కలపకూడదు" అనండి. మొదట అప్పచ్చిలా చదును చేస్తారు. అది మునిగిపోతుంది, ఎందుకంటే అంచులు లేవు. తర్వాత గిన్నెలా వంచుతారు. మూలల దగ్గర పలచబడి చిల్లులు పడతాయి, వాటిని వేలితో రుద్ది పూడ్చడం చూపించండి. తడి చేతులతో క్లే అతుక్కోదు కాబట్టి ఒక తువ్వాలు దగ్గర ఉంచండి. పడవ తేలాక చింతగింజలు ఒక్కొక్కటే వెయ్యమనండి, ఎన్నిటికి మునిగిందో లెక్క రాసుకోవాలి. గింజలన్నీ ఒకే వైపు వేస్తే ముందే ఒరిగిపోతుంది. ఇది చెప్పకండి, రెండో పడవకి వాళ్ళే మధ్యలో వెయ్యడం మొదలుపెడతారు.

అల్యూమినియం రేకుతో చేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. చాలాచోట్ల "రేకు పడవ తేలుతుంది, అదే రేకు ఉండ చేస్తే మునుగుతుంది" అని రాసి ఉంటుంది. చేత్తో నలిపిన ఉండ కూడా తేలుతుంది! మడతల్లో గాలి ఇరుక్కుని ఉంటుంది. రోకలితోనో రాయితోనో బాగా నలగ్గొట్టి బిళ్ళ చేస్తేనే మునుగుతుంది. ముందుగా ఇంట్లో చేసి చూసుకోకపోతే పిల్లల ముందు తెల్లమొహం వెయ్యాల్సి వస్తుంది. చేసి చూసుకుంటే మాత్రం ఇది చక్కటి పాఠం: తేలే ఉండని ఒక్కో దెబ్బా కొడుతూ, ఎప్పుడు మునుగుతుందో చూడటం.

మూడో శనివారం: నీళ్ళని మార్చడం

పావు లీటరు నీళ్ళు, వేలు మందం బంగాళదుంప ముక్క, మెత్తటి ఉప్పు. మామూలు నీళ్ళలో ముక్క మునుగుతుంది. టీస్పూనుతో ఒక్కో చెంచా ఉప్పు వేసి, పూర్తిగా కరిగేదాకా కలపాలి. దుంపని బట్టి అయిదారు చెంచాల నుంచి తొమ్మిది దాకా పడుతుంది. చెంచా పైన వేలితో చదును చెయ్యడం నేర్పండి. కుప్పగా వేసిన చెంచాలో ఉప్పు ఇంచుమించు రెట్టింపు ఉంటుంది, అప్పుడు ఇద్దరి లెక్కలు కలవవు. "నాకు ఆరు, నీకు నాలుగు ఎందుకు?" అన్న తగువులోంచే కొలత అవసరం పుడుతుంది. రాళ్ళ ఉప్పు కరగడానికి చాలాసేపు పడుతుంది, వద్దు. కోడిగుడ్డుతో కూడా ఇది బాగా కుదురుతుంది, కానీ గుడ్డు ముట్టని ఇళ్ళ పిల్లలుంటారు, పైగా పగిలితే కంపు.

ఈ మూడూ అయ్యాక ఎనిమిదేళ్ళ పిల్లలకు ఒక వాక్యం చెప్పొచ్చు: "ఒక వస్తువునీ, సరిగ్గా అంతే చోటు పట్టే నీళ్ళనీ తూస్తే, నీళ్ళకంటే ఎక్కువ తూగేది మునుగుతుంది." ఆరేళ్ళవాళ్ళకు అది కూడా అక్కర్లేదు. దగ్గుమందు సీసాలతో వచ్చే చిన్న కొలత గ్లాసులు మూడు తీసుకుని, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో నూనె, ఒకదాంట్లో ఇసుక అంచుదాకా నింపి, బట్టల హ్యాంగరుకి దారాలతో కట్టి తూయించండి. సాంద్రత (డెన్సిటీ) అన్న మాటకీ, దాని సూత్రానికీ పెద్ద తరగతుల్లో బోలెడు సమయం ఉంది.

భాష సంగతి

తెలుగులో "బరువు" రెండు పనులు చేస్తుంది. పుచ్చకాయ బరువు అంటాం, ఇనుము బరువైన లోహం అంటాం. మొదటిది ఆ కాయ తూకం, రెండోది ఆ సరుకు గుణం. ఇంగ్లీషులో "హెవీ" అన్నా ఇదే చిక్కు, కాబట్టి భాష మారిస్తే పోదు. "కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా" అన్న పాత పొడుపు ప్రశ్న ఈ చిక్కు మీదే నిలబడింది. రెండో శనివారం దాన్ని అడగండి.

తెలుగులో మాట్లాడించమన్నది భాషాభిమానంతో కాదు. ఈ వయసు పిల్లలు బడిలో ఇంగ్లీషులో జవాబు చెప్పేటప్పుడు పుస్తకంలోని వాక్యం అప్పజెప్తారు. ఇంట్లో మాట్లాడే భాషలో అయితే "కానీ, నిన్న బకెట్లో మగ్గు తేలింది కదా ఆంటీ" అంటారు. "కానీ" అని మొదలయ్యే వాక్యాలు మీకు కావాలి. కొందరు పిల్లలు మధ్యలో కన్నడ మాటలు కలిపేస్తారు, కలపనివ్వండి.

గాలి, కొవ్వొత్తి, ఒక పాత పొరపాటు

ఖాళీ గాజు గ్లాసు చూపించి "ఇందులో ఏముంది?" అంటే "ఏమీ లేదు" అంటారు. పొడి కాగితాన్ని ఉండచేసి గ్లాసు అడుగున బిగుతుగా కుక్కండి. గ్లాసుని నిటారుగా బోర్లించి టబ్బులో అడుగుదాకా నొక్కండి, పది అంకెలు లెక్కపెట్టి నిటారుగానే పైకి తియ్యండి. కాగితం పొడిగా ఉంటుంది. చెడేది రెండు చోట్ల: కాగితం వదులుగా ఉంటే జారి నీళ్ళలో పడుతుంది, గ్లాసు వంగితే బుడగలొచ్చి నీళ్ళు దూరతాయి. రెండోది కావాలనే చేసి చూపించండి. బుడగ పైకొచ్చిన ప్రతిసారీ అంత నీరు లోపలికి పోవడం పిల్లలు చూస్తే "ఏమీ లేదు" అన్న మాట మళ్ళీ అనరు.

ఇక కొవ్వొత్తి. పళ్ళెంలో వేలెడు లోతు రంగు నీళ్ళు, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి, మీద గ్లాసు బోర్లిస్తే మంట ఆరిపోయి నీరు లోపలికి ఎక్కుతుంది. "కొవ్వొత్తి ఆక్సిజన్ తినేసింది, గాలిలో ఆక్సిజన్ 21 శాతం, అందుకే నీరు అయిదో వంతు ఎక్కింది" అని తరతరాలుగా చెబుతున్నారు. ఇది సరైన వివరణ కాదు, దయచేసి చెప్పకండి. మంట ఆక్సిజన్ అంతా వాడెయ్యకముందే ఆరిపోతుంది. వాడుకున్న దాని బదులు కార్బన్ డయాక్సైడూ నీటి ఆవిరీ పుడతాయి. ముఖ్య కారణం వేడి. గ్లాసు బోర్లించేటప్పుడు లోపలికి చేరేది వేడెక్కి వ్యాకోచించిన గాలి, అంచు కింద నుంచి కొన్ని బుడగలు బయటికి పోవడం కూడా కొన్నిసార్లు కనిపిస్తుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది, బయటి గాలి నీటిని లోపలికి తోస్తుంది. పిల్లల్ని ఒకటే గమనించమనండి: నీరు గబగబా ఎక్కేది మంట వెలుగుతున్నప్పుడా, ఆరాకా? ఆరాకే. ఇంకో పరీక్ష: అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టండి. ఆక్సిజన్ పెరగలేదు, నీరు మాత్రం ఇంకా పైకి ఎక్కుతుంది.

అగ్గిపుల్ల మీరే గియ్యాలి. ఫ్యాను ఆపాలి, జుట్టు ముడెయ్యాలి, చున్నీలు తీసి పక్కన పెట్టాలి. ఒక్కోసారి ఇద్దరు పిల్లలే బల్ల దగ్గర ఉండాలి.

సెల్లూ బల్బూ

సామాను బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతుంది. 1.5 వోల్టుల పెద్ద టార్చి సెల్లు, 2.5 వోల్టుల ఫిలమెంటు టార్చి బల్బు, పీవీసీ తొడుగున్న సన్నని వైరు. ఫిలమెంటు బల్బు అని గట్టిగా అడగండి, లేకపోతే ఎల్ఈడీ ఇస్తారు. ఎర్ర ఎల్ఈడీకి సుమారు 1.8 నుంచి 2 వోల్టులు, తెల్లదానికి 3 దాకా కావాలి కాబట్టి ఒక్క సెల్లుతో వెలగదు. పైగా తిరగేసి కలిపినా వెలగదు. "పాడైపోయింది" అనుకుని పారేసేవి చాలావరకు బాగున్నవే.

వైరు 15 సెంటీమీటర్ల ముక్కలు చేసి, రెండు కొసల దగ్గర 2 సెంటీమీటర్లు తొడుగు ఒలిచి, తీగపోగుల్ని మెలిపెట్టి ఉంచండి. మోటారు చుట్టే రాగితీగ అయితే మెరుస్తూ ఉత్త రాగిలా కనిపిస్తుంది, కానీ పైన వార్నిషు పూత ఉంటుంది. కొసల్ని శాండ్ పేపరుతో గీకకపోతే కరెంటు పారదు.

ఇద్దరికి ఒక సెల్లు, ఒక బల్బు, ఒకే ఒక్క వైరు ఇవ్వండి. హోల్డర్లు వద్దు, అవి అసలు విషయాన్నే దాచేస్తాయి. ముందు కాగితం మీద బొమ్మ గీయించండి. చాలామంది సెల్లు నుంచి బల్బుకి ఒకటే గీత గీస్తారు, కుళాయి నుంచి బిందెలోకి నీళ్ళొచ్చినట్టు. చేసి చూస్తే వెలగదు. అప్పుడు భూతద్దం ఇచ్చి బల్బు లోపలికి చూడమనండి. సన్నటి తీగచుట్టని పట్టుకుని రెండు కాళ్ళు కనిపిస్తాయి. ఒక కాలు బల్బు అడుగున ఉన్న సీసపు బొట్టుకి, రెండోది పక్కనున్న మరల లోహానికి కలిసి ఉంటాయి. దారి ఒకచోట లోపలికి, ఇంకోచోట బయటికి అన్నది అక్కడ కంటికి కనిపిస్తుంది. ఒక్క వైరుతో బల్బు వెలిగే పద్ధతులు నాలుగున్నాయి: సెల్లు ఏ కొసకైనా బల్బు అడుగు తగిలించొచ్చు, లేదా పక్క తగిలించొచ్చు. మొదటిది దొరకడానికి పది నిమిషాలు పట్టొచ్చు, తొందరపెట్టకండి. ఒకటి దొరికాక "ఇంకో మూడున్నాయి" అని చెప్పండి చాలు.

ఈ ప్రయత్నాల్లో ఎవరో ఒకరు వైరుని సెల్లు రెండు కొసలకూ నేరుగా కలిపేస్తారు. వైరు, సెల్లు వేడెక్కుతాయి. "వెచ్చగా అనిపిస్తే వెంటనే వదిలెయ్యాలి" అని మొదలుపెట్టే ముందే చెప్పి ఉంచండి.

గదిలోకి రానివ్వకూడనివి: బటన్ సెల్లులు, చిన్న గోళీల్లాంటి బలమైన అయస్కాంతాలు, ఫోను బ్యాటరీలు. బటన్ సెల్లు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చెయ్యగలదు. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల్ని మధ్యలో ఇరికించి పట్టేస్తాయి. గోడ ప్లగ్గు జోలికి పోకూడదని ప్రతి వారం చెప్పాలి, ఒకసారి చెబితే చాలదు.

మిగతావి ఈ వరసలోనే కలుపుకోవచ్చు, పెద్దగా సామాను అక్కర్లేదు. అయస్కాంతానికి పాత స్పీకరు రింగు చాలు. "లోహాలన్నీ అంటుకుంటాయి" అన్న ఊహని వంటింటి గిన్నెలే ఎగరగొడతాయి. రాగి చెంబు, ఇత్తడి గ్లాసు, అల్యూమినియం మూత అంటుకోవు. స్టీలు గ్లాసుల్లో కొన్ని అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు, అందులో కలిపిన లోహాల్ని బట్టి. చల్లటి గ్లాసు చెమర్చడం చూపించాలంటే బెంగళూరు ఫిబ్రవరి, మార్చి ఎండల్లో ఫ్రిజ్ నీళ్ళు చాలకపోవచ్చు, గాలి పొడిగా ఉంటుంది. ఐసు ముక్కలు వెయ్యండి. లోపల రంగు నీళ్ళుంటే "గ్లాసు కారింది" అన్న పిల్లలే బయటి తడిని తెల్లకాగితంతో తుడిచి, రంగు లేదని చూసుకుంటారు.

నీడలకు మీ ఊరే మంచి చోటు. "మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు" అన్నది రోజూ నిజం కాదు. బెంగళూరులో ఏటా రెండుసార్లే, ఏప్రిల్ 24 ప్రాంతంలోనూ ఆగస్టు 18 ప్రాంతంలోనూ, మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాల అటూఇటూగా నిటారు కర్ర నీడ మాయమవుతుంది. ఆగస్టులో మబ్బు పట్టొచ్చు, ఏప్రిల్ నమ్మకం. ఇంకొకటి: మీ పిల్లల అన్నలో అక్కలో థర్మామీటరు పెట్టి "నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగాయి, థర్మామీటరు తప్పు" అంటే, అది తప్పు కాదు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, అందుకే నీళ్ళు 100 డిగ్రీలకు చేరకముందే మరుగుతాయి.

కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య సైన్సు మ్యూజియానికి రెండు నెలల తర్వాత తీసుకెళ్ళండి, ముందే వద్దు. అడగడానికి ప్రశ్నలు లేని పిల్లలు అక్కడ మీటలు నొక్కి పరిగెడతారు. వీలుంటే కుప్పం దగ్గరున్న అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం గురించి కూడా వాకబు చెయ్యండి. చేత్తో చేసి నేర్చుకునే పద్ధతి మీదే నడుస్తుంది, మీకు దూరం కూడా కాదు.

కిట్టు ఎందుకు వద్దంటే, అందులో అన్నీ ముందే అమర్చి ఉంటాయి. వైరు తొడుగు ఒలవడం, క్లే చిల్లు పూడ్చడం, చెంచా చదును చెయ్యడం పిల్లల చేతికి రావు. ఆ డబ్బులో సగానికే నాలుగు సెల్లులు, ఆరు బల్బులు, వైరు, క్లే, భూతద్దం, టబ్బు వచ్చేస్తాయి. బల్బులు రెండు ఎక్కువే తీసుకోండి, కిందపడి పగులుతాయి.

తలా ఒక నోటుపుస్తకం పెట్టించండి. పేజీకి రెండు గళ్ళు: "నేను అనుకున్నది", "జరిగింది". రాయలేని వాళ్ళు బొమ్మ గీస్తారు. రబ్బరు ఇవ్వకండి. మొదటి గడిలోది తప్పయితే పిల్లలు వెంటనే చెరిపేసి సరైంది రాసుకోవాలని చూస్తారు, బడిలో అలవాటు అది. పెన్సిలు బదులు స్కెచ్ పెన్ను ఇస్తే ఆ బెడద ఉండదు.

మొదటి రోజు గంట చివర్లో ఆ పుచ్చకాయని మంచినీళ్ళతో కడిగి, తుడిచి, కోసి పంచండి. కోసేముందు "ఎర్రటి ముక్క ఒక్కటే వేస్తే తేలుతుందా? గింజ? తొక్క?" అని అడిగి, ఆ మూడూ ఎవరికి వాళ్ళు ఇంట్లో చెంబునీళ్ళలో వేసి చూసి రమ్మనండి. రెండో శనివారం తలుపు తియ్యగానే మీకు వినబడేది అదే.